మాట తడబడినపుడు మెదడు చెప్పెడి సాక్ష్యము

పెద్దవయస్సు వచ్చిన మనిషికి నోట మాట యందక తడబడినపుడు మన పల్లెలలో సాధారణముగా రెండు తీర్పులు వినబడుచుండును. “ముసలితనము గదా, అంతే” యనునది యొకటి. “పాపము, మతి పోయినది” యనునది రెండవది. మొదటి తీర్పు వలన వైద్యునియొద్దకు పోవలసినవారు పోకుందురు. రెండవ తీర్పు వలన, లోపల ఇంకను తెలివి వెలుగుచున్న మనిషిని ఇంటివారే లేనివానిగా నెంచి, అతని యెదుటనే అతని పొలము పంపకములనుగూర్చి మాటలాడుకొందురు. ఈ రెండు తీర్పులకును మూలమొక్కటియే. మనస్సునకు నాలుకయే సాక్షి యని మనము నమ్ముదుము. నాలుక పలుకనిచో లోపల చెప్పుకొనదగినది ఏమియు లేదని తలంతుము.

ఈ నమ్మకము ఎంతవఱకు సరియైనది? మాట పోయినవానియందు ఏది పోయినది, ఏది నిలిచియున్నది? ఈ ప్రశ్నకు వైద్యులు నూటయఱువది సంవత్సరములకు పైగా సమాధానము వెదకుచున్నారు. ఆ వెదకులాటలో వారికి దొరకిన సాక్షులలో ఒకటి మెదడునందు పుట్టెడి అత్యల్పమైన విద్యుత్తు. ఆ సాక్షి యెట్లు దొరకినది, అది యేమి చెప్పగలదు, ఏమి చెప్పజాలదు అను చరిత్రను నాకు తెలిసినంతలో ఈ ప్రసంగమున మనవిచేసెదను.

కథ 1861వ సంవత్సరము ఏప్రిల్ నెలలో, ఫ్రాన్సు దేశమున, పారిస్ నగరము చెంతనున్న బిసేత్ర్ వైద్యశాలలో మొదలిడుదము. లెబోర్న్ అను నేబదియొక్క సంవత్సరముల రోగిని కాలికి పుట్టిన కుళ్ళు వ్రణముతో పాల్ బ్రోకా అను శస్త్రవైద్యుని యొద్దకు తెచ్చిరి. లెబోర్న్ ఇరువదియొక్క యేండ్లుగా ఆ వైద్యశాలయందే యున్నాడు. ఏమడిగినను “టాన్, టాన్” అను నొక్క శబ్దమే అతని నోట వచ్చెడిది. అందువలన వైద్యశాలలో అందఱును అతనిని టాన్ అనియే పిలిచెడివారు. కుడిచేయి, కుడికాలు చచ్చుబడియుండెను. అట్టివానికి బుద్ధి యుండునా? బ్రోకా ఆ సంగతిని ఊహకు విడువక పరీక్షించెను. “నీవిచ్చటికి వచ్చి ఎన్ని సంవత్సరములైనది?” అని యడిగెను. లెబోర్న్ తన యెడమచేతి యైదు వ్రేళ్ళను నాలుగు మాఱులు చాచి చూపి, పిమ్మట ఒక్క వ్రేలు చూపెను. ఇరువదియొక్కటి. లెక్క సరిపోయినది.

కొలదిదినములలో లెబోర్న్ మరణించెను. బ్రోకా అతని మెదడును తీసి చూడగా, ఎడమవైపున, నుదుటి వెనుకటి భాగములో, ఒకచోట చెడియుండెను. మాటను పలికించు శక్తి మెదడులో ఒక స్థానమునందు ప్రత్యేకముగా ఆధారపడియున్నదనియు, అది చెడినను అర్థము చేసికొను శక్తి కొంత మిగిలియుండవచ్చుననియు నాడు లోకమునకు తెలిసినది.

పదుమూడేండ్ల తరువాత, 1874లో, కార్ల్ వెర్నికె అను జర్మను వైద్యుడు దీనికి ఎదురు రూపమును వర్ణించెను. అప్పటికాతని వయస్సు ఇరువదియాఱు సంవత్సరములు. ఆతడు చూచిన రోగులు ధారాళముగా మాటలాడుదురు. వాక్యములు ఏఱువలె పాఱును. కాని వానియందు అర్థము కుదురదు. ఎదుటివారు చెప్పినదియు వారికి బోధపడదు. వీరి మెదడులో చెడిన చోటు వేఱు. అది ఎడమ చెవికి లోపలివైపున, వెనుకకు ఉన్నది. కాబట్టి పలుకలేని మనిషి గ్రహింపవచ్చును. చక్కగా పలుకు మనిషి గ్రహింపకపోవచ్చును. నాలుక నమ్మదగిన సాక్షి కాదనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

ఇక మూడవ రోగి. 1901వ సంవత్సరము నవంబరు నెలలో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ మానసిక వైద్యశాలయందు ఆగస్టె డీటర్ అను స్త్రీని ఆలోయిస్ ఆల్ట్‌స్‌హైమర్ అను వైద్యుడు పరీక్షించెను. మన పత్రికలలో అల్జీమర్ అని వ్రాయునది ఈయన పేరే. ఆమె వయస్సు ఏబదియొక్క సంవత్సరములు. “నీ పేరేమి?” అనగా “ఆగస్టె” అనెను. ఇంటిపేరడిగిన “ఆగస్టె” యనెను. భర్త పేరడిగినను, తడుముకొని, “ఆగస్టె” యనియే చెప్పెను. కలము, తాళపుచెవి, డబ్బుసంచి చూపగా సరిగా పేర్లు చెప్పినది. కొంతసేపటికి ఏమేమి చూపితిమని యడిగిన ఒక్కటియు జ్ఞప్తికి రాలేదు. భోజనవేళ పళ్ళెములోనున్న కూరకు వేఱొక కూర పేరు చెప్పినది. తన పేరు వ్రాయుమనగా వ్రాయబోయి మధ్యలో నిలిచిపోయి, తన్ను తానే పోగొట్టుకొన్నానని యర్థము వచ్చునట్లు పలికినది. ఆ మాట నాటి చీటిలో వ్రాయబడియున్నది. ఆ చీటీల కట్ట ఎంతో కాలము కనబడక, 1995లో ఆ వైద్యశాల దస్త్రములలో దొరకినది.

ఆమె 1906లో మరణించిన పిమ్మట ఆల్ట్‌స్‌హైమర్ ఆమె మెదడును సూక్ష్మదర్శినితో చూచి, అందలి కణముల నడుమ గడ్డలవంటి మచ్చలును, కణములలోపల చిక్కుపడిన పోగులును ఉన్నట్లు కనుగొని, ఆ నవంబరులో ట్యూబింగెన్ నగరమున వైద్యుల సభలో చెప్పెను. తరువాత ఆ వ్యాధికి ఆయన పేరే పెట్టిరి. ఇక్కడ మాట పోవుట పక్షవాతమువలె ఒక్క గడియలో జరిగినది కాదు. చెదపట్టిన తాళపత్రములో అక్షరములు ఒక్కొక్కటిగా రాలినట్లు సంవత్సరముల తరబడి జరుగును.

ఈ ముగ్గురు వైద్యుల పరిశోధనలోను ఒక కొఱత కలదు. వారిది ప్రధానముగా చచ్చినవారి మెదడు చూచి బ్రదికినవారిని గూర్చి చెప్పెడి విద్య. రోగి జీవించియుండగా, వాక్యము చెవిని పడిన ఆ క్షణమునందు, లోపల నేమి జరుగుచున్నదో తెలియు మార్గము వారికి లేదు. ఆ మార్గము వేఱొక దిక్కునుండి వచ్చినది.

1875లో ఇంగ్లండు దేశపు లివర్‌పూల్ నగరమున రిచర్డ్ కేటన్ అను వైద్యుడు కుందేళ్ళయొక్కయు కోతులయొక్కయు మెదళ్ళపై సన్నని తీగలు ఆనించి, వానిని గాల్వనామీటరను విద్యుత్తును కొలిచెడి యంత్రమునకు తగిలించెను. ఆ యంత్రములో ఒక చిన్న యద్దముండును. అత్యల్ప విద్యుత్తు పాఱినను అద్దము కదలును. దానిపై పడిన వెలుగు గోడమీద అటునిటు జరుగును. జంతువు మేలుకొనియున్నంతసేపును ఆ వెలుగు జరుగుచునేయుండెను. జీవించియున్న మెదడు ఎల్లప్పుడును విద్యుత్తును పుట్టించుచున్నదని దీనివలన తేలినది. కేటన్ ఈ సంగతిని ప్రకటించినను నాడు పట్టించుకొన్నవారు తక్కువ.

మనిషి పుఱ్ఱె తెఱవకుండ ఆ విద్యుత్తును పట్టుటకు మఱి యేబది సంవత్సరములు పట్టినది. పట్టినవాడు జర్మనీలోని యేనా నగరమున మానసిక వైద్యశాలలో పనిచేసిన హాన్స్ బెర్గర్. ఇతని యుద్దేశము మొదట వేఱు. యౌవనమున సైన్యశిక్షణలో నుండగా గుఱ్ఱముపైనుండి పడి, వెనుక వచ్చుచున్న ఫిరంగి బండి చక్రముక్రింద నలిగిపోవలసినవాడు వెండ్రుకవాసిలో బ్రదికెను. ఆ సాయంకాలమే, ఎంతో దూరముననున్న ఇంటినుండి, నీ క్షేమమెట్లున్నదని యడుగుచు తంతి వచ్చినది. అతని సోదరికి ఏదో కీడు శంక కలిగి ఆ తంతి కొట్టించినదట. తలంపు ఒక శక్తియై మనిషినుండి మనిషికి ప్రాకునని బెర్గర్ నమ్మి, ఆ శక్తిని కొలువవలెనని బయలుదేరెను. అతడు కోరినది దొరకలేదు. దొరకినది వేఱొకటి.

1924వ సంవత్సరము జూలై నెలలో, శస్త్రచికిత్స వలన పుఱ్ఱెయందు ఎముక తీసివేయబడిన పదునేడేండ్ల బాలుని తలపై తీగలుంచి, బెర్గర్ మొదటిసారి మనుష్యుని మెదడు విద్యుత్తును గుర్తించెను. కాని తొందరపడి చాటలేదు. తాను చూచినది చర్మమునుండి వచ్చినదేమో, నాడికొట్టుకొనుటవలన వచ్చినదేమో, కనురెప్పపాటు వలన వచ్చినదేమో యని ఐదు సంవత్సరములు శంకించి, తన కుమారుని తలపైనను ఎన్నియో మాఱులు పరీక్షించి, తుదకు 1929లో ప్రకటించెను. ఆ లేఖనమునకు ఆయన పెట్టిన పేరునుండియే నేటి ఎలెక్ట్రో ఎన్‌సెఫలోగ్రామ్ అను మాట వచ్చినది. నగరములలోని వైద్యశాలలలో దీనిని క్లుప్తముగా ఈ.ఈ.జి. అందురు. మనము మెదడు విద్యుల్లేఖనము అనుకొందము.

ఇచ్చట ఒక్క సంగతి స్పష్టముగా చెప్పవలసియున్నది. ఈ యంత్రము మెదడులోనికి విద్యుత్తును పంపదు. లోపల పుట్టినదానిని విని వ్రాయును, అంతే. ఆ పుట్టినదైనను ఎంత? టార్చిలైటు బ్యాటరీలోని ఒక్క ఘటమునకు ఒకటిన్నర వోల్టు బలముండును. తలమీద దొరకు తరంగము అందులో ఇంచుమించు ముప్పదివేలవ వంతు. మెదడులోని నాడీకణములు ఒకదానికొకటి వార్త పంపుకొనునపుడు ఈ విద్యుత్తు పుట్టును. ఒక్క కణపు సవ్వడి బయటికి వినబడదు. వేలకొలది కణములు ఒక్కసారిగా ఊగినపుడే అది ఎముకను, చర్మమును దాటి తీగకు అందును.

బెర్గర్ చూచిన మొదటి వింత యిది. మనిషి కన్నులు మూసికొని నెమ్మదిగా కూర్చుండిన, క్షణమునకు ఇంచుమించు పది చొప్పున సమమైన తరంగములు వచ్చును. కన్ను తెఱచినను, మనస్సులో లెక్క వేసికొన్నను ఆ సమలయ చెదరి చిన్న చిన్న అలలుగా మాఱును. గాలి లేని చెఱువునందు వచ్చు నిదానపు అలలు, ఎవరో దిగి నీరు కదపగానే చెదరినట్లని పోల్చుకొనవచ్చును. మొదట శాస్త్రజ్ఞులు దీనిని నమ్మలేదు. 1934లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున, నోబెలు బహుమానము పొందిన ఏడ్రియన్ అను పండితుడు మాథ్యూస్ అను సహచరునితో కలసి, తన తలమీదనే తీగలు పెట్టుకొని పరీక్షించి, బెర్గర్ చెప్పినది నిజమని సభలో చూపిన పిమ్మట లోకము అంగీకరించెను.

బెర్గర్ చరిత్రలో చీకటి భాగమును దాచుట ధర్మము కాదు. 1933లో జర్మనీలో నాజీ ప్రభుత్వము, మతి సరిగా లేనివారికి సంతానము కలుగకుండ బలవంతముగా శస్త్రము చేయించు చట్టము తెచ్చినది. ఆ తీర్పులు చెప్పు న్యాయస్థానమున బెర్గర్ సభ్యుడుగా కూర్చుండెను. చాలకాలము ఆయనను ఆ ప్రభుత్వము హింసించినదని వ్రాసినవారు కలరు. దస్త్రములు వెలికితీసిన పిమ్మట సత్యము వేఱని తేలినది. మనోవ్యాధితో క్రుంగి ఆయన 1941లో ప్రాణము తీసికొనెను. మనస్సు చేయు సవ్వడిని మొదట విన్నవాడే, మనస్సు చెడినవారిపై క్రూరమైన తీర్పునకు చేయి కలిపెను. యంత్రమెంత సూక్ష్మమైనను దానిని పట్టిన చేతికి దయ నేర్పజాలదని నేను ఈ భాగము చదివినప్పుడు తెలిసికొంటిని.

ఆ యంత్రముతో మతిక్షీణత గలవారిని పరీక్షించుట బెర్గర్ కాలమునందే, 1930 తరువాతి తొలి యేండ్లలోనే, మొదలైనది. అల్జీమర్ వ్యాధి ముదిరిన కొలది, క్షణమునకు పదిగానుండు తరంగములు ఎనిమిదికి, ఇంకను తక్కువకు దిగును. నాలుగు మొదలు ఏడు వఱకునుండు మందగతి తరంగములు పెరుగును. కాని ఇది గానుగ మందముగా తిరుగుచున్నదని చెప్పుటవంటిది. గింజలో ఏ భాగము నలుగకున్నదో దీనివలన తెలియదు. మాటకు సంబంధించిన చోటు ఎట్లు పనిచేయుచున్నదో తెలియవలెనన్న, ఒక్క మాట చెవిని పడినపుడు పుట్టు ఒక్క యలను పట్టవలెను. ఆ యల, మెదడు సహజముగా చేయు రొదలో మునిగియుండును.

దీనికి ఉపాయము చెప్పినవాడు లండనులోని జార్జి డాసన్. 1947 మొదలుకొని ఆయన చేసిన పని చాల సులభమైన ఆలోచనపై నిలిచియున్నది. తిరునాళ్ళ రోజున గుడిలో చిన్న గంట మ్రోగినదనుకొనుడు. జనుల కోలాహలములో వినబడదు. కాని గంట మ్రోగిన క్షణమునుండి మొదలుపెట్టి నూఱు మాఱులు శబ్దమును పట్టి, ఆ నూటిని ఒకదానిపై నొకటి చేర్చి సగటు తీసినచో, ప్రతిమాఱు వేఱువేఱుగానుండు జనుల కేకలు ఒకదానినొకటి కొట్టివేసికొనును. ప్రతిమాఱు అదేవేళకు వచ్చు గంట మాత్రము మిగులును. మొదట డాసన్ ఛాయాచిత్రములను ఒకదానిపై నొకటి వేసి చూచెను. 1954 నాటికి సగటు తీయు యంత్రమునే నిర్మించెను. పిమ్మట కంప్యూటర్లు వచ్చి ఆ పనిని సులువు చేసినవి.

ఇక మాటకు సంబంధించిన అసలు కీలకము 1980లో దొరకినది. అమెరికాదేశమున, కాలిఫోర్నియాలోని శాన్ డియేగో నగరములో, మార్తా కూటస్, స్టీవెన్ హిల్యార్డ్ అను నిద్దఱు శాస్త్రజ్ఞులు మనుష్యులను కూర్చుండబెట్టి, వాక్యములను ఒక్కొక్క మాటగా తెరపై చూపిరి. కొన్ని వాక్యములు సరిగా ముగియును. కొన్నిటి చివరి మాట పొసగదు. వారు చేసినది ఆంగ్లభాషలో. మన భాషలో చెప్పవలెనన్న, “పాలేరు ఎద్దులకు కుడితి పెట్టెను” అనునది సరియైన వాక్యము. “పాలేరు ఎద్దులకు గొడుగు పెట్టెను” అన్నచో, గొడుగు అను మాట వద్ద మీ మనస్సు తొట్రిల్లును గదా? ఆ తొట్రుపాటు మెదడు విద్యుత్తులో కనబడినది. పొసగని మాట వచ్చిన పిమ్మట క్షణములో పదింట నాలుగు వంతుల కాలమునకు, అనగా సెకండులో వేయింట 400 భాగములు గడచునప్పటికి, ఒక యల ఋణదిశగా లేచెను. కొంచెము వింతయైన మాటకు చిన్నయల, ఏమాత్రము పొసగనిదానికి పెద్దయల. ఆశ్చర్యము కలుగునపుడు వచ్చెడి వేఱొక ధనదిశ యలను వెదకబోయిన వారికి ఈ యల అనుకొనకుండ చిక్కినది. దీనికి ఎన్ 400 అని పేరు పెట్టిరి.

1992లో ఆస్టర్‌హౌట్, హోల్‌కోంబ్ అనువారు మఱియొక యలను వర్ణించిరి. అర్థము కుదిరినను వ్యాకరణము తప్పినపుడు, సుమారు 600 భాగముల వేళకు, ధనదిశగా అది లేచును. “ఆవులు మేయుచున్నది” అన్నచో మన చెవికి ములుకు గ్రుచ్చినట్లుండును గదా, అట్టి వేళ పుట్టు యల అది. దానికి పి 600 అని పేరు. అర్థమునకొక యల, కూర్పునకొక యల. బడిముఖము చూడనివాడైనను తన భాషలో ఈ తప్పును ఒక్క క్షణములోపల పట్టును. వ్యాకరణము పుస్తకములో కంటె ముందు మెదడులో నున్నదన్నమాట.

ఈ పరీక్షలో ముఖ్యమైన గుణము మఱియొకటి కలదు. పరీక్షింపబడువాడు నోరు విప్పి బదులు చెప్పనక్కఱలేదు. చదువు రానివానికి మాటలను చెవిలో వినిపించినను ఆ యల పుట్టును. కాబట్టి నాలుక సాక్ష్యము చెప్పలేనిచోట మెదడునే నేరుగా అడుగు మార్గము దొరకినది.

ఆ మార్గమున రోగులను అడిగినపుడు ఏమి తెలిసినది? నెదర్లాండ్సు దేశములో నైమేఖెన్ నగరమున హాగూర్ట్, బ్రౌన్, స్వాబ్ అనువారు పక్షవాతమువలన మాట దెబ్బతిన్నవారిని పరీక్షించి 1996లో ప్రకటించిరి. వినినది గ్రహించు శక్తి కొంచెమే తగ్గినవారియందు ఎన్ 400 యల ఆరోగ్యవంతులయందు వలెనే దాదాపుగా కనబడినది. గ్రహణశక్తి మిక్కిలి చెడినవారియందు అది సన్నగిల్లినది. నోటిమాట ఎంత చెడినదను దానికంటె, లోపల అర్థము ఎంత నిలిచినదను దానిని ఆ యల అనుసరించినది. ఇదియే సాధనము నాడుండినయెడల, లెబోర్న్ ఐదువ్రేళ్ళతో చెప్పినదానిని అతని మెదడు తరంగములతోను చెప్పియుండునేమో యని నేను ఊహించుచుందును.

అల్జీమర్ వ్యాధిలో కథ వేఱు. అనేక పరిశీలనలలో ఈ యల బలహీనమై, ఆలస్యముగా వచ్చుట కనబడినది. కారణమును ఇట్లు ఊహింపవచ్చును. మన మనస్సులో కుడితి యన్నచో ఎద్దులు, తొట్టి, తవుడు అన్నియు ఒకేసారి కదలును. మాటలన్నియు ఒక వలకన్నులవలె ముడివడియుండును. ఆ ముడులుండుటచేతనే గొడుగు అను మాట అక్కడ పొసగదని మనకు తోచును. వ్యాధి ఆ ముడులను సడలించినపుడు ఏ మాట రాబోవునో మెదడు ఎదురుచూడలేదు. ఎదురుచూడనివానికి తప్పు తప్పుగా తోచదు. మఱియు ఒకసారి విన్న మాటను మరల వినిపించినపుడు ఆరోగ్యవంతుని యల మాఱును, పాత పరిచయమును గుర్తించినట్లు. మతిక్షీణత తొలిమెట్టుననున్న కొందఱిలో ఆ మార్పు తగ్గుట శాన్ డియేగోలోనే పరిశోధకులు గమనించిరి. రాబోవు వ్యాధిని ముందుగా పసిగట్టుటకు ఇది తోడ్పడునేమో యని నేటికిని పరిశోధన జరుగుచున్నది.

వీనికి నడుమ ఇంకొక రోగము కలదు. 1982లో అమెరికాలో మెసులామ్ అను వైద్యుడు ఆఱుగురు రోగులనుగూర్చి వ్రాసెను. వారికి పక్షవాతము లేదు; జ్ఞాపకము, వ్యవహారజ్ఞానము మొదట చెడలేదు. మాట మాత్రము మెల్లమెల్లగా సంవత్సరముల తరబడి తఱిగిపోయినది. అట్టివారు పేరు చెప్పలేక పోయినను దారి తప్పరు, లెక్క తప్పరు, మనవని ముఖము మఱవరు. వీరిని మతి పోయినవారని మూలకు నెట్టిన, వ్యాధి తీసికొనని దానిని కూడ మనమే తీసికొన్నవారమగుదుము.

ఈ చరిత్రలో మన ప్రాంతమునకు చెందిన ఘట్టమును కూడ చెప్పవలెను. ఇది తరంగముల పరీక్ష కాదు. మాటకును మతికిని గల సంబంధమును తేల్చిన పరిశీలన. హైదరాబాదులోని నిజాం వైద్యవిజ్ఞాన సంస్థకు వచ్చిన 648 మంది మతిక్షీణత రోగుల వివరములను డాక్టరు సువర్ణ అల్లాడియు, ఆమె సహచరులును పరిశీలించి 2013లో ప్రకటించిరి. హైదరాబాదులో తెలుగు, ఉర్దూ, హిందీ, ఆంగ్లము కలసి మెలసి వాడబడునని మీరెఱుగుదురు. ఆ రోగులలో 391 మంది ఒకటికంటె ఎక్కువ భాషలు మాటలాడువారు. ఒక్క భాషయే వచ్చినవారికంటె వీరికి వ్యాధి లక్షణములు సగటున నాలుగున్నర సంవత్సరములు ఆలస్యముగా కనబడినవి. బడికి పోని నిరక్షరాస్యులలోను ఈ భేదము కనబడుట విశేషము. రెండవ భాష వ్యాధిని ఆపునని దీని యర్థము కాదు. అన్ని దేశములలోను ఇట్టి ఫలితమే వచ్చినదనియు చెప్పరాదు. కాని బజారులో ఒక భాష, ఇంటిలో ఒక భాష మాటలాడు మనిషి మెదడు నిత్యము ఒక సాము చేయుచున్నదని తలంచుటకు ఆధారము కలదు. ఆ తరువాత భారత వైద్య పరిశోధనా మండలి పక్షమున పండితులు తెలుగు, కన్నడము, మలయాళము, హిందీ, వంగభాషలలో మతిని పరీక్షించు ప్రశ్నావళులను సిద్ధపఱచిరి. ఆంగ్లములోని ప్రశ్నలు తెనిగించి అడిగినచో మన పెద్దలు తప్పినది మతివలననో, ప్రశ్నవలననో తెలియకుండెడిది. ఎవరి భాషలో వారిని పరీక్షించుటయే న్యాయము.

ఇక ఈ సాక్షి యేమి చెప్పజాలదో చెప్పెదను. మెదడు విద్యుల్లేఖనము మనిషి తలంపులను చదువదు. అట్లు చదువునని డబ్బు గుంజువారిని నమ్మరాదు. నేను చెప్పిన ఎన్ 400, పి 600 యలలు చాలవఱకు పరిశోధనాలయములకు చెందినవి. ఎందఱో మనుష్యుల సగటున కనబడినది ఒక్క మనిషియందు అంత స్పష్టముగా కనబడదు. వైద్యశాలలలో ఈ లేఖనమును ముఖ్యముగా మూర్ఛవ్యాధిని గుర్తించుటకు వాడుదురు. అల్జీమర్ వ్యాధిని ఈ ఒక్క లేఖనము చూచి నిర్ణయింపరు. రోగి పూర్వచరిత్ర, ప్రశ్నల పరీక్ష, రక్తపరీక్ష, మెదడు చిత్రము అన్నియు కలిపి వైద్యుడు తేల్చును. మఱియు మాట తడబడిన ప్రతివానికి అల్జీమర్ వ్యాధి యని భయపడరాదు. చెవుడు, దిగులు, థైరాయిడ్ లోపము, బి 12 అను విటమిను కొఱత, కొన్ని మందుల దోషము వలనను మనిషి మందగించినట్లు కనబడును. వీనిలో పెక్కింటికి చికిత్స కలదు.

అందుచేత గ్రామమున పదిమందికి మాట చెప్పగల మీకు రెండు విన్నపములు. మాట అకస్మాత్తుగా పడిపోయినను, మూతి వంకరపోయినను, ఒకవైపు చేయి కాలు లేవకున్నను అది పక్షవాతము కావచ్చును. రక్తపుగడ్డను కరిగించు మందు సాధారణముగా నాలుగున్నర గంటలలోపల పడవలెను గనుక, పసరు, మంత్రము అని గడియలు పోగొట్టక వెంటనే పెద్ద వైద్యశాలకు చేర్పవలెను. మాట మెల్లమెల్లగా తగ్గుచున్నచో, ఎప్పటినుండి, ఏ మాటలు, ఏ పనులలో తడబాటు వచ్చినదో ఒక కాగితముమీద తేదీలతో వ్రాసి వైద్యునికి చూపవలెను. ఇంటివారు వ్రాసిన ఆ కాగితము వైద్యునికి మంచి సాధనము.

అట్టివారితో మాటలాడునపుడు ఎదుట కూర్చుండి, కుఱుచ వాక్యములతో, ఒక్కొక్క సంగతి చొప్పున చెప్పి, బదులునకు వేచియుండవలెను. నలుగురిలో “నేనెవరో చెప్పు, చూతము” అని పరీక్షింపరాదు. మాటకు బదులు చేయి చూపినను, తల యూపినను దానిని జవాబుగా స్వీకరింపవలెను. అతని యెదుట అతనినిగూర్చి, అతడు లేనట్లు మాటలాడరాదు.

మన గ్రామములలో పెద్దలు కూర్చుండి తగవు తీర్చునపుడు, ఇరుపక్షముల సాక్షులను వినక తీర్పు చెప్పరు. ఒక సాక్షి తడబడినంత మాత్రమున వ్యాజ్యెము కొట్టివేయరు. మాట పోయిన మనిషి విషయమునను ఆ పాత ధర్మమునే పాటింపుడని కోరుచున్నాను. నాలుక తడబడినది నిజమే. చేతివ్రేళ్ళున్నవి, కన్నులున్నవి, లోపల అలలు వేయుచున్న మెదడున్నది. వానిని కూడ వినిన పిమ్మటనే తీర్పు.